పాత వేలం కేటలాగుల్లో వెతకాలంటే పేజీని కాదు, లాట్‌ను పట్టుకోవాలి

47. టెనియర్స్. పల్లె జాతర, చిన్నది.
48. డిట్టో. దానికి జత.
49. డిట్టో, రాగిరేకు మీద.

18వ శతాబ్దపు లండన్ వేలం కేటలాగు ఏది తెరిచినా ఇలాంటి వరసలే. ఒక్కో నంబరు కింద అమ్మకానికి పెట్టినదాన్ని లాట్ అంటారు. పై మూడు లైన్లూ ఫలానా కేటలాగులోవి కావు, ఆ తరహాకి నమూనా. చదివే మనిషికి ఇందులో కష్టమేమీ లేదు: మూడు బొమ్మలు, మూడూ టెనియర్స్ అనే చిత్రకారుడి పేరు మీదే అమ్మకానికి పెట్టారు. యంత్రానికి మాత్రం 48లో చిత్రకారుడి పేరు లేదు, విషయం లేదు, కొలత లేదు. 49లో డిట్టో అన్నది చిత్రకారుడి గురించా, జాతర గురించా, చిన్నది అన్న మాట గురించా? దానికి తెలియదు.

పేజీలన్నీ స్కాన్ చేశాం, ఓసీఆర్ (ఫొటోలోని అచ్చును పాఠంగా మార్చే ప్రోగ్రాం) నడిపాం, పైన వెతుకుపెట్టె పెట్టాం, ఇక పరిశోధకులే చూసుకుంటారు. గ్రంథాలయాల డిజిటల్ ప్రాజెక్టులు చాలావరకు ఇక్కడికొచ్చి ఆగిపోతాయి. ఆ పెట్టెలో టెనియర్స్ అని కొడితే 47 వస్తుంది. 48, 49 రావు. 48 తర్వాత పేజీ తిరిగిందనుకోండి, 49 ఉన్న పేజీలో టెనియర్స్ అన్న మాటే ఉండదు. కనబడనిదాన్ని లేదనుకోవడం సహజం. ఒక బొమ్మ ఎప్పుడెప్పుడు ఎవరి చేతులు మారిందో గొలుసు కడుతున్నవాళ్లకు అలా తెగిన లింకు మళ్లీ దొరకదు.

వేలం కేటలాగు పుస్తకం రూపంలో అచ్చయిన పట్టిక. దానికి పేజీ ప్రమాణం కాదు, లాట్ ప్రమాణం. నేను పట్టుపట్టే విషయం ఇంకొకటి ఉంది: లాట్‌లో ఏం అచ్చయిందో దాన్ని సరిదిద్దకుండా ఉంచాలి. మనకిప్పుడు తెలిసినది పక్కన ఇంకో పొరలో రాయాలి. ఈ రెండు మాటలూ చెప్పడం తేలిక. ప్రాజెక్టులు దెబ్బతినేది అమలులోనే.

ముందు దేన్ని ఏమనాలో తేల్చుకోవాలి

వేలం ఒకటి, కేటలాగు ముద్రణ ఒకటి, చేతిలో ఉన్న ప్రతి ఇంకొకటి. మామూలు గ్రంథాలయ రికార్డు ఈ మూడింటినీ కలిపేస్తుంది.

18వ శతాబ్దపు ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్‌పోల్ ఇంటి సామాను లండన్ దగ్గర ఆయన ఇల్లు స్ట్రాబెరీ హిల్‌లో 1842 ఏప్రిల్ 25 నుంచి 24 రోజుల పాటు వేలం వేశారు. అందులో 7, 8 రోజులకు కేటాయించిన ముద్రణ చిత్రాల భాగాన్ని మధ్యలో తీసేసి, కొత్తగా వివరాలు రాసి, ఆ జూన్‌లో లండన్‌లో విడిగా అమ్మారు. పాత కేటలాగులో ఆ లాట్లు ఉన్నాయి, కానీ ఆ నంబర్లతో అవి అమ్ముడుపోలేదు. వేలాన్నీ ముద్రణనూ ఒకే రికార్డుగా పెట్టినవాళ్ల డేటాబేసులో ఇవి రెండుసార్లు అమ్ముడైనట్టు లెక్కకొస్తాయి.

ప్రతుల సంగతి ఇంకా ముఖ్యం. పారిస్ చిత్రకారుడు గాబ్రియెల్ ద సాంతోబాఁ వేలాలకు వెళ్లి, కేటలాగు అంచుల్లో గోరంత బొమ్మలు గీసేవాడు. ఫొటో అన్నదే లేని కాలంలో అమ్మకానికి వచ్చిన బొమ్మ ఎలా ఉందో చెప్పే సాక్ష్యం అది. 1775 నవంబరు 15న మొదలై మరుసటి జనవరి ఆఖరు దాకా సాగిన, మారియెట్ అనే సంగ్రాహకుడి వేలం కేటలాగు మీద కూడా గీశాడు. అదే కేటలాగు ఇంకో ప్రతిలో అంచులు ఖాళీగా ఉండొచ్చు, వేరొక ప్రతిలో ధరలు మాత్రమే ఉండొచ్చు. "ఈ కేటలాగు మా దగ్గర ఇప్పటికే స్కానై ఉంది, రెండో ప్రతి అక్కర్లేదు" అనే నిర్ణయం ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన పొదుపు.

అందుకని ఆరు విడివిడి పట్టికలు కావాలి: వేలం, ముద్రణ, ప్రతి, లాట్, వస్తువు, అమ్మకం. ఒక లాట్‌లో నాలుగు బొమ్మలు ఉండొచ్చు కాబట్టి లాట్, వస్తువు వేరు. ఒకే లాట్‌కు రెండు ప్రతుల్లో రెండు ధరలు రాసి ఉండొచ్చు కాబట్టి అమ్మకం సమాచారం ప్రతికి తగిలించాలి గానీ లాట్‌కు కాదు. మొదట్లో ఇది అతిగా అనిపిస్తుంది. వెయ్యి కేటలాగులు ఎక్కాక విడగొట్టాలంటే మొత్తం మళ్లీ చేయాల్సిందే.

వేలాన్ని గుర్తించడానికి లుగ్ట్ నంబరు ఉంది. ఫ్రిట్స్ లుగ్ట్ 1600 నుంచి 1925 దాకా జరిగిన వేలాల కేటలాగులకు నాలుగు సంపుటాల జాబితా తయారుచేశాడు. అవి 1938, 1953, 1964, 1987లలో వచ్చాయి, చివరిది ఆయన పోయాక. ప్రతి నమోదులో తేదీ, ఊరు, యజమాని, సరుకు రకం, లాట్ల సంఖ్య, పేజీల సంఖ్య, వేలం వేసినవాళ్లు, ప్రతులు ఏయే గ్రంథాలయాల్లో ఉన్నాయో ఉంటుంది. ఆ లాట్ల సంఖ్యను గుర్తుంచుకోండి, తర్వాత దాని పని ఉంది. లుగ్ట్‌కు దొరకని కేటలాగులూ ఉంటాయి కాబట్టి సొంత గుర్తింపు సంఖ్య ఎలాగూ ఇవ్వాలి. లుగ్ట్ నంబరును మరో గడిలో పెట్టాలి. సొంత సంఖ్య స్థానంలో దాన్నే వాడితే నంబరు లేని కేటలాగు దగ్గర చిక్కుపడతారు.

ఫొటో దగ్గర చేసే తప్పు తర్వాత దిద్దుకోలేం

రంగుల్లో, 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), 24 బిట్లు. ఇందులో బేరం లేదు. నలుపు-తెలుపు రెండే స్థాయిల్లో స్కాన్ చేస్తే అచ్చు అక్షరం చక్కగా వస్తుంది, అంచున పెన్సిల్‌తో రాసిన ధర కాగితంలో కలిసిపోతుంది. పాత మైక్రోఫిల్మ్ నుంచి చేసిన స్కాన్లలో ఇదే జరుగుతుంది. ఎర్ర సిరాతో ఒకరు, నల్ల సిరాతో మరొకరు రాసిన ప్రతిలో రంగు పోయిందంటే ఏది ఎవరి రాతో చెప్పలేం.

నిల్వ లెక్క ముందే వేసుకోండి. 12 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. ఎత్తు ఉన్న పేజీ 400 డీపీఐలో 1890 × 3150 పిక్సెళ్లు, కుదించకుండా దాదాపు 18 మెగాబైట్లు. 60 పేజీల కేటలాగు ఒక గిగాబైటు దాటుతుంది. నాణ్యత పోని కుదింపుతో ఇది బాగా తగ్గుతుంది, కానీ మాస్టర్ ఫైలుకు నాణ్యత పోయే కుదింపు వాడొద్దు.

చాలా కేటలాగులు పదీ ఇరవై కలిపి ఒకే అట్టలో కుట్టి ఉంటాయి. బిగుతుగా కుట్టినచోట లోపలి అంచు కనబడదు. లాట్ నంబర్లు ఎడమవైపు ఉంటాయి కాబట్టి కుడిచేతి పేజీలో సరిగ్గా అవే కుట్టులోకి పోతాయి. పుస్తకాన్ని బలవంతంగా తెరవకుండా తొట్టిలో 100 డిగ్రీల కోణానికి పెట్టి, ఒక్కో వైపు విడిగా తీయాలి. అట్టనూ, ఖాళీ పేజీలనూ, మధ్యలో చేర్చిన చీటీలనూ వదలొద్దు. ఖాళీ పేజీల మీదే కొన్నిసార్లు పాడుకున్నవాళ్ల పేర్లు ఉంటాయి.

ఓసీఆర్ శాతాలు చెప్పని సంగతి

"98 శాతం సరిగా వచ్చింది" అంటే వినడానికి బాగుంటుంది. అక్షరానికి 2 శాతం తప్పు అంటే ఆరు అక్షరాల మాటలో ఎక్కడో ఒకచోట తప్పు పడే అవకాశం సుమారు 11 శాతం, పది అక్షరాల ఇంటిపేరుకు 18. అక్షర తప్పులు 5 శాతమైతే ఆరక్షరాల మాటల్లో నాలుగో వంతు పైగా చెడిపోతాయి. పైగా తప్పులు సమానంగా పంచుకోవు. మామూలు మాటలను నిఘంటువు ఆదుకుంటుంది. పేర్లను, అంకెలను ఏదీ ఆదుకోదు. పరిశోధకులు వెతికేది ఆ రెండింటినే.

1800కు ముందటి ఇంగ్లీషు అచ్చులో పొడుగు ఎస్ ఎఫ్‌లా కనబడుతుంది, జర్మన్ కేటలాగుల్లో ఫ్రాక్టూర్ అనే పాత తరహా అక్షరాలుంటాయి. వీటికి తగిన నమూనాలు టెస్సరాక్ట్, క్రాకెన్, ట్రాన్స్‌క్రిబస్ అనే పాఠం చదివే ప్రోగ్రాంలకు ఉన్నాయి. సరైనది ఎంచుకుంటే చాలు, దీని మీద పెద్దగా వాదించేదేమీ లేదు. ఫలితాన్ని మాత్రం ఉత్త పాఠంగా దాచొద్దు. ఆల్టో ఫార్మాట్‌లో, ప్రతి మాటకూ పేజీ మీద దాని స్థానంతో సహా దాచాలి. ఆ స్థానాలు లేకపోతే తర్వాత లాట్ ఉన్న ముక్కను పేజీలోంచి కత్తిరించి చూపించడం కుదరదు.

వెతుకులాటలో ఒకటి రెండు అక్షరాల తేడాను మన్నించే పద్ధతి అందరూ వాడతారు. ఇలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకు ప్రోగ్రాం తనంతట తాను వదిలేస్తే మూడు నుంచి ఐదు అక్షరాల మాటలో ఒక తేడాను, అంతకన్నా పెద్ద మాటలో రెండు తేడాలను ఒప్పుకుంటుంది. పొడుగు పేర్లకు ఇది వరం, పొట్టి పేర్లకు శాపం. చిత్రకారుడు హాల్స్ కోసం కొడితే హాళ్లన్నీ వస్తాయి. అసలు తేడానే లేని చిక్కు యాన్ బోత్ అనే డచ్చి చిత్రకారుడిది: ఆయన ఇంటిపేరు ఇంగ్లీషులో "రెండూ" అనే మాట. జంట బొమ్మలున్న ప్రతి లాట్‌లోనూ ఆ మాట తగులుతుంది. మొత్తం పాఠంలో వెతికినంతకాలం బోత్ దొరకడు. "అచ్చయిన చిత్రకారుడి పేరు" అన్న గడి విడిగా ఉంటేనే దొరుకుతాడు.

లాట్లను విడదీయడం

లైను మొదట్లో అంకె ఉంటే కొత్త లాట్ అనే నియమం మొదటి పేజీలో పనిచేసి మూడో పేజీలో కూలిపోతుంది. లైను "1797" అనే సంవత్సరంతో మొదలవుతుంది, లేదా "12 అంగుళాల వెడల్పు" తర్వాతి లైనుకు జారుతుంది. 101లోని సున్నాను ఓసీఆర్ ఇంగ్లీషు "ఓ" అక్షరంగా చదువుతుంది. అందుకే ఒక్కో లైనును విడిగా కాకుండా వరసను చూడాలి: కేటలాగు మొత్తంలో అంకెతో మొదలయ్యే లైన్లన్నీ తీసి, వాటిలో ఒక్కొక్కటిగా పెరుగుతూ పోయే పొడవైన గొలుసును పట్టుకోవాలి. 46 తర్వాత 48 వస్తే, రెండింటి మధ్య చెడిపోయిన 47 కోసం గాలించాలి. దొరక్కపోతే ఖాళీ అని నమోదు చేసి మనిషికి చూపించాలి. తనంతట తానుగా పూరించకూడదు, ఎందుకంటే అచ్చులోనే 47 లేకపోవచ్చు.

గొలుసు తెగే చోట్లు కొన్ని ముందే తెలుసు. 47 తర్వాత 47ఏ, 47 బిస్ (ఫ్రెంచిలో "మళ్లీ 47"), 47 పక్కన చుక్క గుర్తు (*). కొన్ని వేలాల్లో ప్రతి రోజూ నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. 1848లో ఇంగ్లండులోని స్టోవ్ భవనం వేలం 40 రోజులు నడిచింది, అంత పెద్దవాటిలో రోజు వివరం తప్పిందంటే అంతా తప్పుతుంది. పాత ఫ్రెంచి వేలాల్లో అచ్చు వరస ఒకటి, అమ్మిన వరస వేరొకటి. ఏ రోజు ఏ నంబర్లు అమ్ముతారో చెప్పే విడి కాగితం ఉండేది, అది ఇప్పుడు ప్రతిలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

లాట్లు విడిపోయాక మొత్తం లెక్కపెట్టి, లుగ్ట్ ఇచ్చిన సంఖ్యతో పోల్చండి. ఇదే అన్నిటికన్నా చవకైన పరీక్ష. తేడా వచ్చిన కేటలాగులనే మనుషులు చూస్తే చాలు.

ఇక డిట్టో. దానికి ముందు శీర్షికల సంగతి చెప్పాలి. ఫ్రెంచి, జర్మన్ కేటలాగుల్లో చిత్రకారుడి పేరు చాలాసార్లు శీర్షికగా ఒక్కసారే వస్తుంది, కింద ఆరేడు లాట్లకు అదే వర్తిస్తుంది. డిట్టో అయినా శీర్షిక అయినా పని ఒకటే: పైనుంచి కిందికి వారసత్వంగా దించాలి. దించిన విలువను అచ్చయిన విలువతో కలపకూడదు. 48లో "అచ్చయినది: డిట్టో", "దించినది: టెనియర్స్", "ఎక్కడి నుంచి: 47" అని మూడు గడులు. వారసత్వం రోజు మారినచోట, విభాగం మారినచోట ఆగాలి. ఆగకపోతే శిల్పాల విభాగంలో మొదటి డిట్టో పక్క విభాగపు ఆఖరి చిత్రకారుడి పేరు మోసుకొస్తుంది.

పేరును బాగుచేయకండి

1958 జూన్ 25న లండన్ సదబీస్ వేలం సంస్థలో 40వ లాట్‌గా ఒక క్రీస్తు బొమ్మ లియొనార్డో శిష్యుడు బోల్ట్రాఫియో పేరు మీద వచ్చి 45 పౌండ్లకు పోయింది. 2017 నవంబరు 15న న్యూయార్క్ క్రిస్టీస్‌లో అదే బొమ్మను లియొనార్డో డా విన్చీది అంటూ పెడితే 45 కోట్ల డాలర్లు దాటింది. బొమ్మ లియొనార్డోదేనా అన్న తగవు ఇంకా తెగలేదు. ఆ పాత కేటలాగును వెతుకులాటకు ఎక్కించేటప్పుడు చిత్రకారుడి గడిలో ఏం రాస్తారు? లియొనార్డో అని దిద్దితే 1958లో వేలం వేసినవాళ్లు ఏమనుకున్నారన్న సాక్ష్యం చెరిగిపోతుంది. బోల్ట్రాఫియో అని మాత్రమే ఉంచితే లియొనార్డో కోసం వెతికేవాళ్లకు అందదు. అచ్చయిన పేరు ఒక గడిలో, నేటి అభిప్రాయాలు ఎవరు ఎప్పుడు అన్నారో సహా మరో గడిలో పెట్టడం ఒక్కటే దారి. బొమ్మలు ఎవరెవరి చేతులు మారాయో నమోదు చేసే గెట్టీ ప్రావెనెన్స్ ఇండెక్స్ చాలాకాలంగా అచ్చయిన పేరునూ ప్రామాణిక పేరునూ వేరుగానే ఉంచుతోంది.

పేరు రాసిన తీరే ఒక సమాచారం. 20వ శతాబ్దంలో చాలాకాలం లండన్ వేలం గదుల్లో ఒక మర్యాద నడిచింది: పూర్తి పేరు, బిరుదుతో సహా రాస్తే అది ఆయన స్వయంగా వేసిందని వాళ్ల నమ్మకం. పొడి అక్షరాలతో ఇంటిపేరు రాస్తే ఆ కాలానిది, ఆయన చేయి పడి ఉండొచ్చు. ఒట్టి ఇంటిపేరే ఉంటే ఆయన తరహాలో ఎవరో వేసినది. అంటే సర్ పీటర్ పాల్ రూబెన్స్, పి.పి. రూబెన్స్, రూబెన్స్ అనేవి మూడు వేర్వేరు ప్రకటనలు. పేర్లను శుభ్రం చేసే ప్రోగ్రాం మూడింటినీ ఒకే ప్రామాణిక పేరుకు తొక్కేస్తుంది. డేటా చూడముచ్చటగా ఉంటుంది, రూబెన్స్ బొమ్మలు మాత్రం ఉన్నట్టుండి ఎన్నో రెట్లు పెరుగుతాయి.

కళాకారుల పేర్ల ప్రామాణిక జాబితాలకు ముడిపెట్టడం అవసరమే. గెట్టీ వాళ్ల యూలాన్, డచ్చి ఆర్‌కేడీ, వికీడేటా, ఏదైనా సరే. కానీ మన మొదటి లైనులోని టెనియర్స్ ఎవరు? డేవిడ్ టెనియర్స్ అనే పేరుతో తండ్రీ కొడుకులిద్దరూ ఉన్నారు, తండ్రి 1649లో పోయాడు, కొడుకు 1690లో. కొడుకు ఎక్కువ ప్రసిద్ధుడు కాబట్టి ప్రోగ్రాం ఆయనకే కట్టబెడుతుంది. పుసాఁ అంటే నికొలా కావచ్చు, బావమరిది గాస్పార్ కావచ్చు. "వెల్వెట్ బ్రూగెల్" అంటే యాన్ బ్రూగెల్ అని ఏ అక్షర పోలికా చెప్పదు, మారుపేర్ల పట్టిక చేత్తో కట్టుకోవాల్సిందే. తేలనిచోట ఇద్దరికీ ముడిపెట్టి "తేలలేదు" అని గుర్తు పెట్టడం తప్పు కాదు. ఒకరికే కట్టి ఊరుకోవడం తప్పు.

చిత్రకారుడి పేరు అసలే పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. 19వ శతాబ్దపు నడిమిదాకా డచ్చి చిత్రకారుడు వెర్మీర్ బొమ్మలు కొన్ని వేరేవాళ్ల పేర్ల మీద తిరిగాయి; "చిత్రలేఖన కళ" 1813లో పీటర్ ద హోక్ పేరుతో చేతులు మారింది. అలాంటప్పుడు వర్ణనే ఆధారం. 1696 మే 16న ఆమ్‌స్టర్‌డామ్‌లో దిసియస్ అనే ఆయన సంగ్రహం అమ్మినప్పుడు 2వ లాట్ వెర్మీర్ వేసిన పాలు పోస్తున్న పనిమనిషి, ధర 175 గిల్డర్లు (డచ్చి నాణేలు). ఆ వర్ణన చదివితే ఇవాళ కూడా ఏ బొమ్మో గుర్తుపట్టొచ్చు. అందుకే వర్ణనలోని మాటలను భాషలకు అడ్డం లేకుండా కలిపే విషయ సూచికి పెట్టే శ్రమ వృథా పోదు. "మనుషులూ పశువులూ ఉన్న ప్రకృతి దృశ్యం" అన్న లాట్లకు మాత్రం అది ఏమీ చేయలేదు. అవి లెక్కలేనన్ని. వాటిని విడగొట్టాలంటే కొలతలే శరణ్యం.

అడుగులు, గినీలు, విప్లవ తేదీలు

పాత ఫ్రెంచి కొలత "రాజు అడుగు" 32.48 సెం.మీ., అందులో 12 పూస్‌లు, పూస్ ఒక్కోటి 2.707 సెం.మీ. ఇంగ్లీషు అంగుళం 2.54. ఆమ్‌స్టర్‌డామ్ అడుగు సుమారు 28.3 సెం.మీ., దాన్ని 12 కాదు, 11 భాగాలు చేస్తారు. రెండు అడుగుల మూడు పూస్‌ల ఎత్తున్న బొమ్మ 73.1 సెం.మీ. అవుతుంది, అదే 27ను ఇంగ్లీషు అంగుళాలనుకుంటే 68.6 వస్తుంది. రెండు సెంటీమీటర్ల తేడాను మాత్రమే ఒప్పుకునే జోడింపులో అసలైన బొమ్మ అక్కడే జారిపోతుంది. ఎత్తు ముందా వెడల్పు ముందా, చట్రంతోనా లేకుండానా అన్నవి కేటలాగు ముందుమాటలో చెప్పి ఉండొచ్చు. ఆ వాక్యాన్ని కేటలాగు స్థాయిలో నమోదు చేసుకోవాలి. మార్చిన కొలత ఎప్పుడూ అచ్చయిన కొలత పక్కన ఉండాలి, దాని స్థానంలో కాదు.

ధరల్లో చుక్క దశాంశం కాదు. అంచున 4.14.6 అని ఉంటే నాలుగు పౌండ్ల 14 షిల్లింగుల 6 పెన్నీలు. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. గినీకి 21 షిల్లింగులు కాబట్టి అది సరిగ్గా నాలుగున్నర గినీలు, అంటే పాట గినీల్లో నడిచిందని దాన్నిబట్టే ఊహించొచ్చు. ఒట్టి 45 అని ఉంటే పౌండ్లో గినీలో తెలియదు. గినీలైతే 47 పౌండ్ల 5 షిల్లింగులు. అలాంటప్పుడు "ప్రమాణం తెలియదు" అన్న విలువ పెట్టే వీలు పట్టికలో ఉండాలి. ఇంకొకటి: క్రిస్టీస్, సదబీస్ లండన్‌లో కొన్నవాళ్ల నుంచి అదనపు రుసుము తీసుకోవడం 1975లో మొదలుపెట్టాయి. అంతకుముందు, ఆ తర్వాత ప్రచురించిన ధరలను ఒకే గీత మీద గీసి మార్కెట్ పెరిగిందనడం కుదరదు.

తేదీల్లో ఫ్రెంచి విప్లవ పంచాంగం అందరికీ తెలిసిన గుంట. 8వ సంవత్సరం బ్రుమేర్ నెల 18 అంటే 1799 నవంబరు 9. 1806 జనవరి 1తో ఆ పంచాంగం పోయింది. మార్పిడి పట్టికలు దొరుకుతాయి, ఒకసారి రాసుకుంటే సరి. అసలు ఇబ్బంది వాయిదా పడ్డ వేలాలతో: ముఖపత్రం మీద అచ్చయిన తేదీ ఒకటి, దాన్ని కొట్టేసి సిరాతో రాసింది ఇంకొకటి. రెండూ నమోదు కావాలి.

అంచున రాసినవి

చేతిరాతను యంత్రంతో చదివించాలన్న ఉత్సాహం మంచిదే, మొదటి రోజే వద్దు. కేటలాగు అంచున ఉండేవి విడి అంకెలు, సగం రాసిన ఇంటిపేర్లు. వాక్యం లేదు కాబట్టి సందర్భం లేదు, యంత్రం ఊహించడానికి ఆధారం లేదు. దానికన్నా ముందు ప్రతి పేజీకీ ఒక చిన్న గుర్తు పెట్టండి: ధర ఉందా, పేరు ఉందా, బొమ్మ ఉందా, ఏమీ లేదా. ఒక మనిషి చకచకా పేజీలు తిప్పుతూ చేయగల పని ఇది. పరిశోధకుడికి "ధరలు రాసిన ప్రతులు మాత్రమే చూపించు" అనే వడపోత దొరికిందంటే సగం ప్రయాణం తగ్గుతుంది.

రాసిన పేరును కొన్నవాడి పేరుగా నమ్మడం ఇంకో ఉచ్చు. చాలాసార్లు అది వ్యాపారిదో, ఎవరి తరఫునో పాడినవాడిదో. కనీస ధర రాక యజమానికే తిరిగిపోయిన లాట్ల పక్కన కూడా ఏదో ఒక కల్పిత పేరు రాసే అలవాటు ఉండేది. గడి పేరు "కొనుగోలుదారు" అని కాకుండా "రాసి ఉన్న పేరు" అని పెట్టండి.

మ్యూనిక్‌లో నాజీల కాలంలో నడిచిన వైన్‌మ్యూలర్ వేలం సంస్థ సొంత ప్రతులు, సరుకు తెచ్చినవాళ్ల పేర్లూ కొన్నవాళ్ల పేర్లూ రాసినవి, 2013లో బయటపడ్డాయి. ఆ కాలపు జర్మన్ కేటలాగులను హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం మరికొందరితో కలిసి అప్పటికే స్కాన్ చేసి వెతుకులాటకు పెట్టింది. కానీ అచ్చు ప్రతిలో యజమానుల పేర్లు ఉండవు. ముందు పేజీల్లో పొడి అక్షరాలతో ఒక జాబితా ఉంటుంది: ఫలానా పొడి అక్షరాలు, ఊరు, ఆ తర్వాత లాట్ నంబర్లు, 46 నుంచి 52 అన్నట్టు గుత్తులుగా. కొన్నింటిలో యూదుల ఆస్తిని ఒక చుక్క గుర్తుతో (*) వేరు చేశారు. దోచుకున్న కళను వారసులకు తిరిగివ్వడం మీద 1998 వాషింగ్టన్ సూత్రాలు వచ్చినప్పటి నుంచి ఈ కేటలాగుల కోసం వచ్చేవాళ్లకు ఆ చుక్క చాలా ముఖ్యం. ఓసీఆర్ మొట్టమొదట మింగేసేదీ దాన్నే; కాగితం మీద మరక అనుకుంటుంది. పాఠాన్ని శుభ్రం చేసే సాధారణ స్క్రిప్టుల్లో అక్షరాలూ అంకెలూ కానివాటిని తీసేసే లైను ఒకటి తప్పకుండా ఉంటుంది. ఈ కేటలాగులకు ఆ లైను కొట్టేయాలి. యజమానుల జాబితాను విడి పట్టికగా చేసి, గుత్తులను విడగొట్టి, ఒక్కో లాట్‌కూ దాని పొడి అక్షరాలను తగిలించాలి. ఆ రెండు మూడు పేజీలను మాత్రం మనిషి అక్షరం అక్షరం సరిచూడాలి.

భాషా నమూనాలకు అప్పగిస్తే

లాట్ పాఠాన్ని ఇచ్చి చిత్రకారుడు, విషయం, మాధ్యమం, కొలత విడగొట్టమంటే పెద్ద భాషా నమూనాలు బాగానే విడగొడతాయి. వాటి జబ్బు ఎక్కువ తెలిసి ఉండటమే. అచ్చులో కానలెట్టి అని ఉంటే కానలెట్టో అని దిద్దుతాయి, లేని మొదటి పేరు తెచ్చి చేరుస్తాయి, టెనియర్స్‌ను కొడుకు టెనియర్స్ చేస్తాయి. అడగకుండా చేసే ఈ సాయాన్ని ఒక్క నియమంతో అడ్డుకోవచ్చు: నమూనా ఇచ్చిన ప్రతి విలువా మూల పాఠంలో అక్షరం పొల్లు పోకుండా, ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా ఉందో ప్రోగ్రాం వెతికి పట్టుకోవాలి. దొరకని విలువ తిరస్కరణే.

మిగిలినదాంట్లోంచి కొన్ని లాట్లు తీసి చూడాలి. యాదృచ్ఛికంగా 300 లాట్లు తీసి, మూల పేజీ ఫొటోతో పోల్చి, ఒక్క తప్పూ దొరక్కపోతే, నిజమైన తప్పుల శాతం 1 లోపు ఉందని 95 శాతం నమ్మకంతో అనొచ్చు. 30 లాట్లు చూసి తప్పు లేదంటే 10 శాతం దాకా ఉండొచ్చు. చూసే లాట్లను దశాబ్దాల వారీగా, భాషల వారీగా విడిగా తీయండి. 1880ల పారిస్ అచ్చులో వచ్చిన మంచి మార్కులు 1770ల ఆమ్‌స్టర్‌డామ్ అచ్చును కాపాడవు.

తెర మీద ఏం కనబడాలి

ఫలితాల్లో ఒక్కో లాట్‌కూ పేజీ ఫొటోలోంచి కత్తిరించిన ఆ లాట్ ముక్కే మొదట కనబడాలి, పాఠం దాని కింద. ట్రిపుల్ ఐ ఎఫ్ అనే ప్రామాణిక పద్ధతిలో పేజీ ఫొటోలు పెడితే పేజీలో ఏ భాగం కావాలో చిరునామాలోనే చెప్పొచ్చు, విడిగా కత్తిరించి దాచక్కర్లేదు. ఓసీఆర్ ఎంత చెడినా కన్ను సరిచూసుకుంటుంది. ప్రతి లాట్‌కూ మారని చిరునామా ఉండాలి, అది ఏ ప్రతిలోదో చెప్పే సంఖ్యతో సహా, ఎందుకంటే పరిశోధకుడు తన అధోజ్ఞాపికలో రాసేది దాన్నే. ఫలితాలను పట్టికగా దించుకునే వీలు లేకపోతే వాళ్లు తెర చూసి చేత్తో ఎక్కించుకుంటారు, కొత్త తప్పులు అక్కడ పుడతాయి.

ఇక ఏమీ దొరకనప్పటి తెర. ఎక్కువమంది దీని గురించి ఆలోచించరు. "ఫలితాలు లేవు" అన్న ఒక్క ముక్క చూసి, ఆ బొమ్మ 1800కూ 1840కీ మధ్య వేలానికి రాలేదని వ్యాసం రాసేసేవాళ్లు ఉంటారు. ఆ తెర మీద నాలుగు సంగతులు ఉండాలి: అడిగిన సంవత్సరాలకు మొత్తం ఎన్ని వేలాలు తెలుసు, వాటిలో ఎన్ని కేటలాగులు స్కాన్ అయ్యాయి, ఎన్నింటిని లాట్లుగా విడగొట్టారు, ఆ కాలపు అచ్చుకు అక్షర తప్పుల శాతం ఎంత. మొదటి సంఖ్య లుగ్ట్ నుంచి వస్తుంది, మిగతా మూడూ మన పట్టికల్లోనే ఉంటాయి.